నాయకుడి వీడియో బయటపడితే: అపోహలు - వాస్తవాలు

న్యూస్ డెస్క్‌లో పనిచేస్తామని తెలిస్తే చాలు, పెళ్ళిలో కలిసినవాళ్ళూ రైల్లో పక్క సీటువాళ్ళూ ఒకటే అడుగుతారు: "ఫలానా నాయకుడి వీడియో నిజమేనా సార్?" ఆ వెంటనే కాస్త గొంతు తగ్గించి, "పూర్తిది మీ దగ్గర ఉంటుందిగా?" అని. ఆ నాయకుడు తన పదవిని ఎలా వాడుకున్నాడు, అందులో ఉన్న ఆమె ఒప్పుకుందా లేదా అని అడిగేవాళ్ళు తక్కువ. మా స్టూడియో చర్చల్లో కూడా ఆ ప్రశ్నలు చివరి ఐదు నిమిషాల్లోనే వస్తాయి, అది కూడా వస్తే. ఇలాంటి వార్తల మీద జనంలోనూ మా వృత్తిలోనూ పాతుకుపోయిన కొన్ని నమ్మకాల గురించి చెబుతాను.

అపోహ: వీడియో బయటికొచ్చిందంటే రాజకీయంగా పని అయిపోయినట్టే

2012 ఫిబ్రవరిలో కర్ణాటక అసెంబ్లీ నడుస్తుండగా మంత్రులు ఫోన్‌లో అశ్లీల వీడియో చూస్తూ టీవీ కెమెరాలకు దొరికారు. ముగ్గురు మంత్రులు రాజీనామా చేశారు. వాళ్ళలో లక్ష్మణ్ సవది 2018 ఎన్నికల్లో ఓడిపోయారు. ఏ సభలోనూ సభ్యుడు కాకపోయినా 2019లో ఏకంగా ఉపముఖ్యమంత్రి అయ్యారు. ఆ ముగ్గురిలోనే ఉన్న సి.సి. పాటిల్ కూడా అదే మంత్రివర్గంలో చేరారు.

2012 ఏప్రిల్‌లోనే కాంగ్రెస్ నేత అభిషేక్ సింఘ్వీ పేరుతో ఒక సీడీ తిరిగింది. అది మార్ఫింగ్ అని ఆయన అన్నారు. ప్రసారం చేయొద్దని ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే టీవీలు ఆగాయి, సోషల్ మీడియా ఆగలేదు. ఆయన పార్టీ అధికార ప్రతినిధి పదవినీ, పార్లమెంటు స్థాయీ సంఘం అధ్యక్ష పదవినీ వదులుకున్నారు. 2024 ఆగస్టులో ఆయనే తెలంగాణ నుంచి రాజ్యసభకు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

మరి అప్పటి ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఎన్.డి. తివారీ సంగతేమిటంటారా? 2009 డిసెంబర్ 25న ఏబీఎన్ ఆంధ్రజ్యోతిలో రాజ్‌భవన్ దృశ్యాలంటూ ఆ క్లిప్ వచ్చింది. అదంతా కట్టుకథ అని రాజ్‌భవన్ ఖండించింది, హైకోర్టు ప్రసారం ఆపించింది. మర్నాడే ఆయన అనారోగ్యం పేరుతో గవర్నర్ పదవికి రాజీనామా ఇచ్చారు. ఇది చూసి "వీడియో పడగొట్టింది" అనుకోవడం సహజం. కానీ అప్పుడు రాష్ట్రం ఎలా ఉందో గుర్తు చేసుకోండి. డిసెంబర్ 9న తెలంగాణ ప్రకటన వచ్చింది, 23న కేంద్రం వెనక్కి తగ్గుతూ మరో ప్రకటన చేసింది, హైదరాబాద్ అట్టుడుకుతోంది. గవర్నర్‌కి 84 ఏళ్ళు. ఆయనే తన తండ్రి అంటూ ఒక యువకుడు వేసిన కేసు అప్పటికే ఢిల్లీ హైకోర్టులో ఉంది. అలాంటి సమయంలో రాజ్‌భవన్ నుంచి ఇంకో తలనొప్పి తెచ్చుకునే ఓపిక ఢిల్లీ పెద్దలకు లేదన్నది నా అంచనా. రాజ్యాంగంలోని 361వ అధికరణం ప్రకారం పదవిలో ఉన్న గవర్నర్ మీద క్రిమినల్ కేసు నడపలేరు కాబట్టి మిగిలిన దారి రాజీనామా చేయించడమో, రాష్ట్రపతి ద్వారా తొలగించడమో.

నేను చూసినంతలో నాయకుడి భవిష్యత్తు తేల్చేది క్లిప్ కంటే ఎక్కువగా ఒక లెక్క: ఆ మనిషితో పార్టీకి ఇంకా పని ఉందా, లేదా.

అపోహ: కళ్ళారా చూశాం కదా, ఇంకేం రుజువు కావాలి?

మా దగ్గరికి వచ్చే క్లిప్పుల్లో ఎక్కువ భాగం వాట్సాప్ ఫార్వర్డ్‌లే. పది ఫోన్లు తిరిగేసరికి ఎప్పుడు తీశారు, ఏ ఫోన్‌తో తీశారు అన్న వివరాలు ఫైల్‌లోంచి పోతాయి. కొన్నిసార్లు ఒక ఫోన్‌లో ఆడుతున్న వీడియోని మరో ఫోన్‌తో తీసి పంపుతారు. 2022 ఆగస్టులో హిందూపురం ఎంపీ గోరంట్ల మాధవ్ పేరుతో వచ్చిన వీడియో గురించి అనంతపురం ఎస్పీ చెప్పింది సరిగ్గా ఇదే. అది అసలు వీడియో కాదు, ఒరిజినల్ దొరికితే తప్ప మార్ఫింగా కాదా అన్నది చెప్పలేం అన్నారు. ఎంపీ మార్ఫింగ్ అన్నారు, ప్రత్యర్థులు అసలైనదే అన్నారు. ఒరిజినల్ ఏదని అడగాల్సిన చోట మన ఛానళ్ళు రోజుల తరబడి ప్యానెల్ చర్చలు నడిపాయి.

తొందరపడితే ఏం జరుగుతుందో 2007లో ఢిల్లీలో తెలిసొచ్చింది. ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు విద్యార్థినులను వ్యభిచారంలోకి దింపుతోందంటూ లైవ్ ఇండియా అనే ఛానల్ రహస్య కెమెరా స్టింగ్ వేసింది. గుంపు స్కూలు మీద పడి ఆమెను కొట్టి బట్టలు చింపేసింది. తర్వాత తేలిందేమిటంటే ఆ స్టింగ్ అంతా కల్పితం. ఛానల్‌ని ప్రభుత్వం ఒక నెల ఆపేసింది. ఆమె రాజకీయ నాయకురాలు కాదు, అయినా ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను ముందు చెప్పే కేసు ఇదే.

క్లిప్ వచ్చినప్పుడు డెస్క్ అడగాల్సినవి చాలా మామూలు ప్రశ్నలు. ఇచ్చింది ఎవరు, ఇప్పుడే ఎందుకు ఇచ్చారు? మొత్తం నిడివి ఎంత, మన చేతికొచ్చింది ఎంత? కత్తిరింపులు ఎక్కడున్నాయి? ఆమె ఏమంటోంది? అతని వివరణ తీసుకున్నామా? ఇవన్నీ అయ్యాక లీగల్ టీమ్ సలహా. ఈ లోపల అవతలి ఛానల్ "బ్రేకింగ్" వేసేస్తే ఏది ప్రసారం చేయాలో తేల్చే ఔట్‌పుట్ ఎడిటర్‌కి పెరిగే టెన్షన్ అంతా ఇంతా కాదు. సగం తప్పులు ఆ పది నిమిషాల్లోనే జరుగుతాయి.

డీప్‌ఫేక్‌లు వచ్చాక ఇబ్బంది రెండువైపులా అయింది. లేనిది ఉన్నట్టు చూపించడం తేలిక, నిజంగా దొరికినవాడు "ఏఐ చేసింది" అని తప్పుకోవడమూ తేలికే. కోర్టులో మాత్రం ఇంకా పాత పద్ధతే. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్, ఫైల్ హ్యాష్ విలువతో (ఫైల్ మారలేదని చూపే కోడ్) సహా ఇవ్వాలి. టీవీలో వచ్చింది కాబట్టి నిజం అంటే జడ్జి ఒప్పుకోరు.

అపోహ: ఇద్దరూ ఇష్టపడి చేసింది వాళ్ళ సొంత గొడవ, వార్తే కాదు

దీనికి ఎదురు నమ్మకం కూడా ఉంది: నాయకుడయ్యాక సొంత జీవితమంటూ ఉండదని. రెండింటితోనూ నాకు పేచీ ఉంది.

ఇద్దరు మేజర్ల మధ్య ఇష్టంతో నడిచిన సంబంధం నేరం కాదు. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసే ఐపీసీ 497ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది. అందుకని ఎమ్మెల్యే ఎవరితో తిరుగుతున్నాడో తెలుసుకునే హక్కు ప్రజలకు ఉందని నేను అనుకోను. కానీ ఆమె అతని ఆఫీసులో ఉద్యోగి అయితే? బదిలీ కోసమో పింఛను కోసమో వచ్చిన మనిషి అయితే? ప్రభుత్వ బంగళా, ప్రభుత్వ వాహనం, గన్‌మెన్ ఇందులో వాడితే? అడిగినప్పుడు సభలో అబద్ధం చెబితే? అప్పుడది అందరి గొడవే.

1963లో బ్రిటన్ యుద్ధ శాఖ మంత్రి జాన్ ప్రొఫ్యూమో జూన్‌లో రాజీనామా చేసింది ఒక యువతితో సంబంధం పెట్టుకున్నందుకని చాలామంది అనుకుంటారు. మార్చిలో కామన్స్ సభలో నిలబడి అలాంటిదేమీ లేదని చెప్పాడు, అది అబద్ధమని తేలింది, అక్కడ దెబ్బతిన్నాడు. అదే మహిళకు సోవియట్ నౌకాదళ అధికారితోనూ పరిచయం ఉండటంతో దేశ భద్రత ప్రశ్న కూడా వచ్చింది.

క్లింటన్ విషయంలోనూ 1998 డిసెంబర్‌లో ప్రతినిధుల సభ మోపిన అభియోగాలు ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం, న్యాయానికి అడ్డుపడటం. మోనికా లూయిన్‌స్కీ మొదట వైట్‌హౌస్‌లో ఇంటర్న్, సంబంధం మొదలైనప్పుడు వయసు 22. ఇష్టంతోనే జరిగిందని ఆమె చెబుతూనే వచ్చింది. దేశాధ్యక్షుడికీ ఇంటర్న్‌కీ మధ్య ఇష్టం అన్నమాటకు ఎంత బరువుంటుందని ఇరవై ఏళ్ళ తర్వాత తనే మళ్ళీ ప్రశ్నించుకుంది. అప్పట్లో అమెరికా మీడియాలో ఆ ప్రశ్న వేసినవాళ్ళు చాలా తక్కువ, ఆమె మీద జోకులు వేసినవాళ్ళే ఎక్కువ. క్లింటన్ మంచి ప్రజాదరణతోనే పదవి దిగాడు. ఆమెకు ఉద్యోగం దొరకడమే కష్టమైంది.

అపోహ: ముఖం బ్లర్ చేశాం కదా

చాలదు. లైంగిక నేరమైతే బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ళ వరకు జైలు. పేరు రాయకపోతే సరిపోదని 2018 డిసెంబర్‌లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆమె ఎవరో ఊహించుకునే వీలిచ్చే ఏ వివరమూ రాకూడదు. మన బులెటిన్లలో ముఖం బ్లర్ చేసి, ఇంటి గేటూ వీధి బోర్డూ చూపిస్తాం, "ఫలానా శాఖలో ఫలానా ఉద్యోగం" అంటాం, పక్కింటావిడ మాటలు (బైట్) వేస్తాం. ఊళ్ళో వాళ్ళకి పేరు వేరే చెప్పాలా?

2024 ఏప్రిల్‌లో హాసన్‌లో జరిగింది దీనికి పరాకాష్ఠ. ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణ వీడియోలున్న పెన్‌డ్రైవ్‌లు ఎన్నికల ముందు జిల్లా అంతా చేతులు మారాయి. మహిళల ముఖాలకు ఏ అడ్డూ లేదు. వాటిని పంచినవాళ్ళకి కావలసింది ఎన్నికలో ఆయన ఓటమి. ఆ మహిళల్లో కొందరు కుటుంబాలతో సహా ఊరు విడిచి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడున్నది స్కాండల్ కూడా కాదు, నేరం. తర్వాత ఫిర్యాదులు వచ్చాయి, జర్మనీ నుంచి తిరిగొచ్చాక మే 31న అరెస్టు చేశారు, 2025 ఆగస్టులో ఒక అత్యాచారం కేసులో కోర్టు జీవిత ఖైదు వేసింది. అయినా "సెక్స్ స్కాండల్" అనే పేరే తెలుగు ఛానళ్ళ తెరమీది శీర్షిక ప్లేట్ల మీద వారాల తరబడి నడిచింది.

అపోహ: మీడియాకి రేటింగ్ పిచ్చి, అందుకే వేస్తారు

సగం నిజం. 2017 మార్చి 26న కేరళలో మంగళం టీవీ ప్రారంభమైన రోజే రవాణా మంత్రి ఎ.కె. శశీంద్రన్ ఫోన్ సంభాషణ అంటూ ఒక ఆడియో వేసింది. సాయం కోసం వెళ్ళిన గృహిణితో అశ్లీలంగా మాట్లాడారని చెప్పింది. ఆయన ఆ రోజే రాజీనామా చేశారు. నాలుగు రోజుల్లో కథ తిరగబడింది: అవతల మాట్లాడింది ఆ ఛానల్ మహిళా జర్నలిస్టే. సీఈఓ తెరమీదికొచ్చి క్షమాపణ చెప్పాడు, తర్వాత అరెస్టయ్యాడు. శశీంద్రన్ 2018 ఫిబ్రవరిలో మళ్ళీ మంత్రి అయ్యారు. స్టింగ్ కోసం శృంగారాన్ని ఎరగా వాడొద్దని న్యూస్ ఛానళ్ళ సొంత నియమావళిలోనే రాసి ఉంది మరి.

మిగతా సగం ఏమిటంటే, మేం వెయ్యకుండా ఉండిపోయేవి. హాసన్ ఎంపీ 2023 జూన్‌లోనే బెంగళూరు కోర్టుకెళ్ళి 80కి పైగా మీడియా సంస్థలు తన గురించి ఏమీ వేయకుండా ఉత్తర్వు తెచ్చుకున్నారు. 2021లో మరో మంత్రి సీడీ వ్యవహారంలో రాజీనామా చేయగానే ఆరుగురు కర్ణాటక మంత్రులు తమ మీద ఏమీ రాకముందే అలాంటి ఉత్తర్వే తెచ్చుకున్నారు. అన్ని సంస్థలని ఒకేసారి ఆపమని అడిగితే, ఏదో ఉందని రిపోర్టర్‌కి వాసన రావాలి. తవ్వితే ఖర్చు, కేసు, యాజమాన్యానికి ఇబ్బంది. క్లిప్ వేయడానికి ఏ ఖర్చూ లేదు. ఇక మన దగ్గర ఏ ఛానల్ ఏ పార్టీ వైపో ప్రేక్షకుడికి తెలుసు కాబట్టి, ఒకే వీడియో ఒక ఛానల్‌లో లూప్‌లో తిరుగుతుంటే పక్క ఛానల్‌లో ఆ రోజు వాతావరణ విశేషాలు వస్తాయి.

అపోహ: జనం నీతి చూసి ఓటేస్తారు

కొన్నిసార్లు. 1998 నవంబర్ ఎన్నికల్లో క్లింటన్ పార్టీకి ప్రతినిధుల సభలో 5 సీట్లు పెరిగాయి. అభిశంసన జరిగిన వెంటనే గాలప్ సర్వేలో ఆయన ఆమోదం 73 శాతానికి చేరింది. ఆర్థిక వ్యవస్థ బాగుంది, జనం ఆయన్ని వెంటాడుతున్నవాళ్ళ మీదే విసుక్కున్నారు. అభిశంసన రోజే, స్పీకర్ కావాల్సిన రిపబ్లికన్ నేత బాబ్ లివింగ్‌స్టన్ తన సొంత వివాహేతర సంబంధం బయటపడి తప్పుకున్నాడు. హాసన్‌లో మాత్రం దేవెగౌడ కుటుంబపు కంచుకోటలో ప్రజ్వల్ 42 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. బలవంతం ఉందని తెలిసిన చోట ఓటరు ఇంకోలా ఆలోచిస్తాడని నాకనిపిస్తుంది. ఒక్క ఎన్నికతో తేల్చేది కాదనుకోండి.

అపోహ: చూసి ఒకరికి పంపితే ఏమవుతుంది?

ఐటీ చట్టం 67ఏ కింద లైంగిక చర్య ఉన్న వీడియోని ఎలక్ట్రానిక్ రూపంలో పంపడం నేరం. మొదటిసారి 5 ఏళ్ళ వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. అందులో ఉన్నది మంత్రి అయినా, నచ్చని పార్టీవాడైనా మినహాయింపు లేదు. "ఎంజాయ్" అని రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టే బాబాయిలకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. ఇక అందులో కనిపించే మహిళ తెలిసినవాళ్ళైతే, సోషల్ మీడియా కంపెనీకి ఫిర్యాదు పెట్టొచ్చు. 2021 ఐటీ నిబంధనలు వచ్చినప్పుడు ఇలాంటి వీడియో తీసేయడానికి 24 గంటల గడువు పెట్టారు. ఆమే స్వయంగా ఫిర్యాదు చేయాలని లేదు, ఆమె తరపున ఎవరైనా చేయొచ్చు.