పెద్దకూర స్టేక్: రాత్రంతా నానబెడితే మెత్తబడుతుందన్నది అపోహ

గత నెలలో ఒక అమ్మ నాకు ఫోన్ చేసి దాదాపు ఏడుపు గొంతుతో మాట్లాడింది. చదువు కోసం విదేశం వెళ్లిన కొడుకు రెండేళ్ల తరువాత వరంగల్ వచ్చాడు. విదేశంలో తినడం అలవాటైన స్టేక్‌ను, అంటే పెనం మీద కాల్చిన మందపాటి మాంసం ముక్కను, ఇంట్లోనే చేసిపెట్టాలని ఆమెకు ఆశ కలిగింది. అండర్‌కట్ (వెన్ను లోపలి వైపు ఉండే లేత ముక్క) ధర అందక కిలో బర్రె తొడ మాంసం తెచ్చుకుని, వీడియోలో చూసినట్టుగా పచ్చి బొప్పాయి ముద్ద, నిమ్మరసం, పెరుగు, అల్లం వెల్లుల్లి అన్నీ కలిపి రాత్రంతా పట్టించి ఉంచింది. పొద్దున పెనం మీద వేస్తే ముక్క పైభాగం తడిపిండిలా ఊడి పెనానికి అంటుకుపోయింది, లోపలి భాగం మాత్రం పంటికి లొంగలేదు. "సార్, ఇంకొక్క దినం నానబెడితే మంచిగయ్యేదా?" అని ఆమె అడిగింది.

హైదరాబాద్ హోటళ్ల వంటశాలల్లో పదకొండేళ్లు పనిచేసి, తొమ్మిదేళ్లుగా హనుమకొండలో వంట నేర్పుతున్న నాకు ఈ ప్రశ్న రాని వారం లేదు. అడిగే తీరు మారుతుంది, వెనుక ఉన్న నమ్మకం ఒక్కటే. అందుకే ముందుగా, అన్నిటికంటే ఎక్కువగా, దాని గురించే రాస్తున్నాను.

అపోహ: ఎంత ఎక్కువసేపు నానబెడితే ముక్క అంత మెత్తబడుతుంది.

వాస్తవం: మసాలా ముక్క లోపలికి వెళ్లదు. నా తరగతిలో మొదటి రోజే చూపించే పని ఒకటుంది. రెండు అంగుళాల మందమున్న తొడ ముక్కకు పసుపు, కారం, పెరుగు, అల్లం వెల్లుల్లి దట్టంగా పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మరునాడు అందరి ముందు పదునైన కత్తితో నడిమికి కోస్తాను. పసుపు రంగు అంచున గీతలా కనిపిస్తుంది. దాని మందం పెసరగింజంత ఉంటుంది, అంతే. దాని లోపల ఉన్నదంతా దుకాణం నుంచి తెచ్చినప్పటి ఎరుపే. చూస్తున్నవారిలో ఎవరో ఒకరు తప్పకుండా దగ్గరికి వచ్చి వేలితో తాకి చూస్తారు. నిమ్మరసం, మసాలా, నూనె, వెల్లుల్లి వాసన అన్నీ ఆ కొన్ని మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. సమయం ఇచ్చినకొద్దీ లోపలిదాకా ప్రయాణించేది ఉప్పు ఒక్కటే.

ఇక బొప్పాయి సంగతి. పచ్చి బొప్పాయి పాలలో ఉండే పపెయిన్ అనే ఎంజైము మాంసకృత్తులను ముక్కలు చేస్తుందన్నది నిజమే, అనాసపండులోని బ్రోమెలైన్, పచ్చి అల్లంలోని ఎంజైము చేసేదీ అదే. అయితే పపెయిన్ ఫ్రిజ్ చల్లదనంలో నెమ్మదిగా, మాంసం 60, 70 డిగ్రీల వేడికి చేరినప్పుడు మహా వేగంగా పనిచేస్తుంది. రాత్రంతా అది పై పొరనే పదే పదే కొరుకుతూ ఉంటుంది, పొద్దున పెనం వేడి తగలగానే ఆ బలహీనపడిన పొర మొత్తం ఒక్కసారిగా జావ అయిపోతుంది. లోపలి భాగానికి అది చేరనే లేదు కనుక అక్కడ గట్టితనం గట్టితనంగానే మిగులుతుంది. ఆ అమ్మకు ఎదురైనది అచ్చంగా ఇదే. ఇంకొక రోజు ఉంచితే పైన ఊడే పొర మరింత మందమయ్యేదే తప్ప వేరే మేలు జరిగేది కాదు.

నిమ్మరసం, వెనిగర్ కూడా గంటల తరబడి ఉంటే పై పొరను తెల్లబరచి, బిగువుగా చేసి, నీటిని బయటికి నెట్టేస్తాయి. పెరుగు వీటికంటే నెమ్మది కనుక దానితో నష్టం తక్కువ, అయినా దాని పని సైతం పైపైనే.

ఈ పాఠం నేను ఒక ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాను. వంటశాలలో చేరిన రెండో ఏడు, మరునాటి విందుకోసం ఎనిమిది కిలోల పసందె (పలుచగా, వెడల్పుగా కోసిన) ముక్కలకు బొప్పాయి పట్టించే పని నాకు అప్పగించారు. సాయంత్రం పట్టించాల్సిన దానిని ముందురోజు రాత్రే పట్టించాను. పొద్దున గంపెడు మాంసం వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. ఉస్తాద్ నన్ను తిట్టలేదు. ఆ ముద్దనంతా శనగపప్పుతో ఉడికించి షామీ కబాబులుగా మార్చి, కొత్త మాంసం తెప్పించి, నా చేత మళ్లీ కోయించి, గడియారం చూపించి "అర్ధగంట, బస్" అన్నారు. నేటికీ అదే లెక్క పాటిస్తున్నాను: అరకిలో మాంసానికి ఒక చిన్న చెంచా పచ్చి బొప్పాయి ముద్ద, అరగంట, ఆ తరువాత శుభ్రంగా తుడిచివేయడం.

రాత్రంతా నానబెట్టడంలో రుచి నష్టం కంటే నన్ను భయపెట్టే విషయం మరొకటున్నది. ఫ్రిజ్‌లో చోటు లేదనో, చల్లగా ఉంటే మసాలా పట్టదనో చాలామంది ఆ గిన్నెను మూతపెట్టి గట్టు మీదనే వదిలేస్తారు. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. పచ్చి మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదన్నది ఆహార భద్రత చెప్పే నియమం, గది వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటే. మన వరంగల్‌లో మే నెల రాత్రి వంటింట్లో ఎంత ఉడుకు ఉంటుందో మీకు తెలుసు. పెరుగు, నిమ్మకాయ వేశాము కదా, చెడిపోదు అని ఎవరైనా చెప్తే దయచేసి నమ్మకండి. ఆ పులుపు మాంసాన్ని కాపాడేంతది కాదు, కొన్ని సూక్ష్మజీవులు వదిలే విషం తరువాత ఎంత కాల్చినా పోదు. పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క అలవాటు మానుకుంటే చాలు.

మరి మెత్తదనం ఎక్కడి నుంచి వస్తుంది? కోత నుంచి, వేడి నుంచి వస్తుంది. వీడియోల్లో కనిపించే విదేశీ మాంసం వయసు తక్కువ పశువుది, దాని కండలో కొవ్వు తెల్లటి గీతలుగా అల్లుకుని ఉంటుంది. మనకు దొరికే బర్రె మాంసం ముదురు ఎరుపు, కొవ్వు తక్కువ, నార ముతక. పైగా ఎక్కువగా అది వయసు మళ్లిన పశువుది, వయసుతో పాటు కండను కట్టి ఉంచే కొల్లాజెన్ గట్టిపడి తొందరగా కరగదు. వారి పద్ధతిని యథాతథంగా మన ముక్కకు వర్తింపజేసి, కుదరకపోతే తమ చేతి వంట మంచిది కాదని బాధపడేవారిని చూస్తే నాకు కష్టమనిపిస్తుంది. లోపం వారి చేతిలో లేదు.

కండ పోగులు 60 డిగ్రీలు దాటినప్పటి నుంచి పొడవునా ముడుచుకుపోతూ, బట్ట పిండినట్టు నీటిని పిండేస్తాయి. కొల్లాజెన్ మాత్రం అంతకంటే ఎక్కువ వేడిలో, గంటల తరబడి ఉడికితేనే కరిగి జిగురవుతుంది; పాయా చల్లారితే గడ్డకట్టేది ఆ జిగురు వల్లనే. అందుచేత ముక్కకు రెండే దారులున్నాయి: తక్కువ సమయంలో ముగించడం, లేదా రెండు మూడు గంటలు సన్న మంట మీద ఓపికగా ఉడికించడం. పిక్క, మెడ ముక్కలు రెండో దారికి చెందినవి. వాటితో స్టేక్ చేయబోకండి. తుంటి, తొడ లోపలి భాగం, పొట్ట పక్కన ఉండే పలుచని పొర ముక్క మొదటి దారికి పనికివస్తాయి, వీటి ధర అండర్‌కట్ కంటే తక్కువే.

అన్నిటికంటే పెద్ద మార్పు తెచ్చేది, పైసా ఖర్చు లేనిది, నారకు అడ్డంగా కోయడం. ముక్కను వెలుతురులో పట్టుకుంటే పోగులు ఏ దిక్కుకు సాగుతున్నాయో చీపురు పుల్లల్లా కనిపిస్తాయి. ఆ దిక్కున కోస్తే ప్రతి ముక్కలోనూ పొడవాటి పోగులు మిగిలి, వాటిని తెంపే పని మీ పళ్ల మీద పడుతుంది. వాటికి అడ్డంగా కోస్తే ఆ పని కత్తే చేసిపెడుతుంది. దుకాణంలో "పసందె కోత, నారకు అడ్డంగా" అని అడగండి. హనుమకొండ, మండిబజార్ వైపు పాత దుకాణాల్లో ఈ మాట చెబితే మరో వివరణ అవసరం ఉండదు. రద్దీలో తొందరపడి ఎటుపడితే అటు కోసి ఇస్తే మొహమాటపడకుండా పెద్ద ముక్కగానే తీసుకుని ఇంట్లో కోసుకోండి. ముక్కను గంటసేపు డీప్ ఫ్రిజ్‌లో ఉంచితే కొంచెం బిగిసి, కత్తికి చక్కగా తెగుతుంది.

ఆ అమ్మకు నేను చెప్పిన పద్ధతి ఇది. రెండు సెంటీమీటర్ల మందంతో నారకు అడ్డంగా కోసిన ముక్కలకు కిలోకు పది గ్రాముల ఉప్పు రెండు వైపులా చల్లి, స్టీలు జల్లెడ మీద పరచి, మూత లేకుండా ఫ్రిజ్ కింది అరలో రాత్రంతా ఉంచాలి. రాత్రంతా ఉంచడం వల్ల నిజంగా ప్రయోజనం కలిగేది ఈ ఒక్క ఉప్పు విషయంలోనే: మొదట అది నీటిని బయటికి లాగుతుంది, తరువాత ఆ నీటిలోనే కరిగి లోపలికి చేరి, కాల్చేటప్పుడు పోగులు తమ నీటిని పట్టి ఉంచుకునేలా చేస్తుంది. పొద్దున ముక్క పైభాగం పొడిగా, కొంచెం ముదురు రంగులో కనిపిస్తుంది. అది చెడిపోవడం కాదు, మీకు కావలసిందే. బరువైన ఇనుప పెనాన్ని సన్నగా పొగ లేచేదాకా వేడిచేసి, ముక్కకు నూనె రాసి వేసి, నిమిషానికొకసారి తిప్పుతూ మొత్తం ఐదారు నిమిషాలు కాల్చాలి. ముక్క నడిమి వేడి 63 డిగ్రీలకు చేరాక దించి, ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, మళ్లీ నారకు అడ్డంగా సన్నగా కోసి వడ్డించాలి. వంట థర్మామీటర్ కొనడం వృథా ఖర్చు కాదు. బొప్పాయి, సోడా, నిమ్మకాయల కోసం పెట్టే ఖర్చును, పారబోసే మాంసాన్ని కలిపి చూస్తే అది చవకే.

గులాబీ రంగు చూస్తేనే తినలేనివారు మన ఇళ్లలో ఎక్కువ, అందులో తప్పేమీ లేదు. వారికోసం సెంటీమీటరు కంటే పలుచగా కోయించి, పక్కకు నిమిషంన్నర చొప్పున కాల్చండి. పలుచని ముక్క ఎండిపోయేలోపే నడిమిదాకా ఉడుకుతుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు, పెద్దవయసు వారికి పెట్టేటప్పుడు 71 డిగ్రీలకు తగ్గనీయకండి.

మిగిలినవి త్వరగా చెప్తాను.

అపోహ: ముళ్ల చెంచాతో పొడిస్తే మసాలా లోపలికి పోతుంది. వాస్తవం: పైన ఉండే సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. ముక్క నడిమి భాగం సాధారణంగా శుభ్రంగా ఉంటుంది కనుకనే స్టేక్‌ను తక్కువ వేడితో దించగలుగుతున్నాము. పొడిచిన తరువాత ఆ వెసులుబాటు పోతుంది. అప్పుడు 71 డిగ్రీల దాకా పోవాల్సిందే.

అపోహ: కుక్కర్‌లో ఒక్క విజిల్ వేసి, తరువాత పెనం మీద కాలిస్తే మెత్తగా వస్తుంది. వాస్తవం: ఇది రెండు దారులకూ చెందని నడిమి చోటు. పోగులు అప్పటికే నీరంతా పిండేసుకుంటాయి, కొల్లాజెన్ ఇంకా కరగదు. అన్నిటికంటే గట్టి ముక్క ఈ పద్ధతిలోనే వస్తుంది.

అపోహ: పెద్ద మంట మీద ముందుగా కాలిస్తే రసం లోపలే మూసుకుపోతుంది. వాస్తవం: 1847లో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఇచ్చిన వివరణ ఇది, తరువాత ప్రయోగాల్లో నిలబడలేదు. ముక్క పెనం మీద చిటపటమంటున్నంతసేపూ రసం కారుతూనే ఉన్నదని అర్థం. ఎర్రగా కాల్చేది రుచి కోసం, ఆ రుచికి 140 డిగ్రీలకు పైబడిన వేడి, పొడి ఉపరితలం కావాలి. ముక్క తడిగా ఉంటే ఆ నీరు ఆవిరయ్యేదాకా వేడి వంద డిగ్రీలు దాటదు. కడగకుండా వండటం మనసుకు ఒప్పకపోతే నెమ్మదిగా, చుట్టూ చిందకుండా కడిగి, గుడ్డతో పూర్తిగా అద్దండి.

అపోహ: కారం, మసాలా పట్టించే కాల్చాలి. వాస్తవం: అంత వేడికి కారం, వెల్లుల్లి మాడి చేదెక్కుతాయి. దించే ముందు వెన్నలో దంచిన వెల్లుల్లి, మిరియాలు, చిటికెడు మిరపపొడి వేసి ముక్క మీద పోయండి. మన చపాటా మిర్చి దీనికి ఎంతో బాగుంటుంది. రంగు నిండుగా ఇస్తుంది, కారం తక్కువ.

అపోహ: ఇప్పుడే కోసినదే లేతగా ఉంటుంది. వాస్తవం: కోసిన కొన్ని గంటల్లోనే కండ బిగుసుకుంటుంది, ఆ బిగువు సడలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పొద్దున తెచ్చినదాన్ని 4 డిగ్రీల లోపు చల్లదనంలో ఉంచి మరునాడు వండితే తేడా మీకే తెలుస్తుంది. వేడివేడిగా తెచ్చిన మాంసాన్ని నేరుగా డీప్ ఫ్రిజ్‌లో పడేస్తే మాత్రం అది మరింత బిగుసుకుపోతుంది.

అపోహ: పళ్లెంలో కారే ఎర్రటి నీరు నెత్తురు. వాస్తవం: అది కండకు ఎరుపు రంగునిచ్చే మయోగ్లోబిన్ అనే మాంసకృత్తి కలిసిన నీరు.

వంట సోడా గురించి తరచూ అడుగుతారు. అది నిజంగానే పనిచేస్తుంది, సన్నని ముక్కలకు మాత్రమే: అరకిలోకు అర చిన్న చెంచా, ఇరవై నిమిషాలు, తరువాత కడిగి ఆరబెట్టడం. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

మిగిలిపోయిన స్టేక్‌ను మళ్లీ పెనం మీద వేడిచేయకండి, రెండోసారి వేడి తగిలితే మిగిలిన కాస్త నీరు కూడా పోతుంది. ఫ్రిజ్‌లో ఉంచి, మరునాడు చల్లగా ఉన్నప్పుడే నారకు అడ్డంగా కాగితంలా కోసి, ఉల్లిగడ్డ, కొత్తిమీర, నిమ్మరసం కలిపి జొన్నరొట్టెతో తినండి. నిమ్మరసం వేయడానికి సరైన సమయం అదే.