రంగం వెళ్లిన ఇళ్లు

ఈమధ్య ఒరిస్సాలోని బరంపురంలో మా చుట్టాల పిల్లలకి వంశవృక్షం గీసే సరదా పట్టింది. ఫోన్‌లోనే గీసేస్తున్నారు. నాన్న, తాత వరకూ చకచకా వచ్చేస్తుంది. ముత్తాత దగ్గర బండి ఆగిపోతుంది. ఆయన ఎప్పుడు పోయాడో, ఎక్కడ పోయాడో ఉండదు. పెద్దవాళ్లని అడిగితే ఒకటే జవాబు: "రంగం ఎల్లాడు." మొన్న ఒక కుర్రాడు "యుద్ధరంగమా మామయ్యా?" అన్నాడు. నవ్వొచ్చింది కానీ వాడి తప్పేం లేదు. ఆ మాట మా తరంతోనే ఆగిపోయింది.

రంగం అంటే రంగూన్. బర్మా మొత్తాన్నీ మనవాళ్లు రంగమనే అనేవారు. గంజాం నుంచి గోదావరి దాకా ఎన్ని ఇళ్లలో ఇంకా రంగం పెట్టెలు లేవు! మా ఇంట్లోనూ ఒకటుంది. బర్మా టేకుది, ఇత్తడి మూలలు, ఇద్దరు పడితేగానీ కదలదు. మూత లోపల నల్లరంగుతో గుండ్రటి బర్మా అక్షరాలు ఒక వరస ఉన్నాయి. అక్కడి దేవుడి పేరేమోనని మా మామ్మ ఏటా దసరాకి వాటికి పసుపూ కుంకుమా పెట్టేది.

మూడు తరాల పాటు మా కథ నడిచిన మహానగరం బరంపురం కాదు, సముద్రం అవతలి రంగూన్. ఇంగ్లీషువాళ్లు దాన్ని 1852లో పట్టుకున్నారు. 1869లో సూయజ్ కాలవ తెరిచాక బర్మాలోని ఐరావతి డెల్టా బియ్యానికి యూరప్ అంగడి దగ్గరైంది. అడవి కొట్టి వరి వేశారు, రేవు ఒడ్డున రైసుమిల్లులు లేచాయి. కూలీలు కావాలి. ఇటు చూస్తే 1866 కరువు గంజాన్నీ ఒరిస్సానీ ఊడ్చేసింది. ఒడియావాళ్లు ఇప్పటికీ నఅంక దుర్భిక్షం అని చెప్పుకునేది దాన్నే. 1889లో గంజాంలో మళ్లీ కరువు. అక్కడ పని, ఇక్కడ ఆకలి. రెంటికీ మధ్య నిలబడ్డవాడు మేస్త్రీ.

మేస్త్రీ ఊరివాడే అయ్యుంటాడు. ముందు డబ్బిస్తాడు, ఓడ ఖర్చు పెడతాడు, రంగంలో పని చూపిస్తాడు. ఆ అప్పు తీరేదాకా కూలీ వాడి మనిషి. జీతం మిల్లువాళ్లు మేస్త్రీ చేతికిస్తారు, తన వాటా తీసుకున్నాకే అది కూలీకి దక్కుతుంది. దీన్ని కొందరు ఊరివాళ్ల సాయంగా చెబుతారు. నాకైతే అది వడ్డీ వ్యాపారంలాగే కనిపిస్తుంది.

బరంపురానికి పదిహేను కిలోమీటర్ల పైచిలుకులో గోపాలపురం. ఇవాళ సెలవులకి వెళ్లి కెరటాలు చూసుకుని వచ్చే ఊరు. ఒకప్పుడు రంగం ఓడలు అక్కడ ఆగేవి. ఒడ్డుకి రాలేక దూరంగా లంగరేస్తే, మసూలా పడవల్లో జనాన్ని చేర్చేవారు. మసూలా పడవకి మేకుల్లేవు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. కెరటం కొట్టినప్పుడు విరగకుండా వంగుతుంది. ముత్తాత ఎక్కిన రోజు వాన పడుతోందట, ఒడ్డున ఎవరూ ఏడవలేదట. "తడిసిపోయాం గదా, ఏడ్చినా తెలీదు" అనేది మామ్మ, వాళ్లత్త చెప్పిన మాటగా.

1931 లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైమాటే. రంగూన్ జనాభాలో సగానికి మించి మనవాళ్లే. రేవులో మూటలెత్తేవాళ్లు, రైసుమిల్లుల కూలీలు, రిక్షా లాగేవాళ్లు చాలావరకు తెలుగువాళ్లు. బర్మావాళ్లు వాళ్లని కొరింగీలనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరది. 1839 తుఫానులో ఆ రేవు నాశనమైనా దాని పేరు మాత్రం సముద్రం దాటి తిట్టుగా మిగిలింది. వెళ్లింది దాదాపు అందరూ మగవాళ్లే. రెండు మూడేళ్లు పనిచేసి, కాస్త కూడబెట్టుకుని ఇంటికొచ్చి, మళ్లీ వెళ్లేవారు. అందుకే మా పిల్లల వంశవృక్షంలో ముత్తాతకి ఊరు దొరకదు. సంపాదన అక్కడ, సంసారం ఇక్కడ. నన్నడిగితే ఈ కథని నడిపింది ఓడెక్కినవాళ్లు కాదు. మనియార్డరు అందుకుని, అప్పుల లెక్క చూసి, ఏడాదికో ఉత్తరం రాయించుకుని, ఇల్లు నిలబెట్టిన ఆడవాళ్లు. వాళ్ల పేర్లు పిల్లలకి ఇంకా తెలియవు. "ముత్తాత భార్య" అని రాసి వదిలేశారు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు బర్మా కూలీలని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తేలగానే వాళ్లని పొమ్మన్నాయి. ఆ కోపం తెలుగువాళ్ల మీద విరిగిపడింది. వందమందికి పైగా పోయారు. రెండు జట్లనీ ఒకదాని మీదికి ఇంకొకదాన్ని తోసినవాళ్ల మీద ఈగ వాలలేదు. మా ముత్తాత అప్పుడే పోయాడంటారు. కాగితం మాత్రం లేదు.

ఇక 1936 ఏప్రిల్ 1. ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా చీలిపోయింది. బరంపురం ఒరిస్సాకి, పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురం మద్రాసుకి. పర్లాకిమిడి జమీనూ ముక్కలైంది, ఊరు ఒరిస్సాకి పోయింది. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. 1894లో బరంపురంలో పుట్టిన వి.వి. గిరి తర్వాత ఆంధ్ర రాజకీయాల మనిషయ్యారు. మా మామ్మది ఇచ్ఛాపురం. కాపురానికి బరంపురం వచ్చింది. ఒక్క రోజులో పుట్టిల్లు పరరాష్ట్రమైంది. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, బర్మాని ఇండియా నుంచి విడగొట్టారు. తాత అప్పటికి రంగూన్ రేవులో పనిచేస్తున్నాడు. అంటే గడప దాటకుండానే ఆమె మొగుడు పరదేశంలో, పుట్టిల్లు పరరాష్ట్రంలో తేలాయి. వంశవృక్షం ఆగిపోయేది ఇక్కడే. వెనక్కి వెళ్లాలంటే మూడు ప్రభుత్వాల రికార్డులు చూడాలి.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు దగ్గర జనం చెల్లాచెదురయ్యారు. 1942 మార్చి 8కి నగరం జపాన్ చేతిలో పడింది. డబ్బున్నవాళ్లకి ఓడలు, విమానాలు దొరికాయి. కూలీలు నడిచారు. ప్రోమ్ మీదుగా నది దాటి, అరకాన్ కొండల్లో తౌంగుప్ కనుమ దాటి, అక్యాబ్, చిట్టగాంగ్ వైపు కొందరు. మణిపూర్ వైపు కొందరు. దారంతా కలరా. నాలుగైదు లక్షలమంది అలా బయటపడ్డారు, వేలమంది దారిలోనే పోయారు. తాత నడిచి వచ్చినవాళ్లలో ఒకడు. ఆ నడక గురించి జీవితాంతం ఒక్క ముక్క చెప్పలేదు. నీళ్ల చెంబు మాత్రం ఎప్పుడూ చేతికందే దూరంలో పెట్టుకునేవాడు.

ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీదా బాంబులు పడ్డాయి. పారిపోయి వచ్చినవాళ్ల వెనకే యుద్ధం వచ్చినట్టుంది.

తాత తమ్ముడు మాత్రం అక్కడే ఉండిపోయాడు. అక్కడే పెళ్లి, పిల్లలు. 1962లో సైన్యం అధికారం తీసుకుంది. కొట్లు ప్రభుత్వపరమయ్యాయి. 1964 మేలో యాభై, వంద చాట్‌ల నోట్లు (చాట్ అంటే బర్మా రూపాయి) చెల్లవన్నారు. అప్పుడొచ్చాయి తిరుగు ఓడలు, మద్రాసుకీ విశాఖకీ. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట అలా పుట్టిందే. చిన్నతాత కూతురు, మాకు వరసకి అత్త, విశాఖలో దిగి ఒకసారి బరంపురం వచ్చింది. తెలుగు మాట్లాడుతుంది, బర్మా అక్షరాలే రాస్తుంది. బజారులో ఒడియా బోర్డులు చూసి, "ఇది మన ఊరేనా వదినా?" అని మా అమ్మని అడిగింది.

మామ్మ ఆమెని పెట్టె దగ్గరికి తీసుకెళ్లి మూత ఎత్తించింది. పసుపు పేరుకుపోయిన ఆ అక్షరాలని అత్త చీరచెంగుతో తుడిచి చదివింది. పకపకా నవ్వింది. దేవుడూ కాదు, మంత్రమూ కాదు. వడ్రంగి కొట్టు నంబరు, పెట్టె ధర.

ఆ ఏడు దసరాకి కూడా మామ్మ బొట్టు పెట్టింది.