టేబుల్ మీద చిన్న స్పీకర్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: వాట్లు ఎక్కువుంటే మంచి స్పీకరు.

డబ్బా మీద పెద్దక్షరాలతో మెరిసే పీఎంపీఓ (ఒక్క క్షణం రాగలదని చెప్పుకునే గరిష్ఠ శక్తి) అంకెను పట్టించుకోకండి. దానికి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతంటూ లేదు, 2,000 అని వేసినా అడిగేవాడు లేడు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే శక్తి. అదీ అనుమానంగా ఉంటే అడాప్టర్ తిప్పి చదవండి. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉందంటే లోపలికి పోయేదే 24 వాట్లు, అంతకు మించి నిలకడగా బయటికి రాదు. టేబుల్ ముందు కూర్చునేవాళ్లకి అంత కూడా అక్కర్లేదు. ఒక వాటుకి మీటరు దూరంలో 85 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు, 70 సెం.మీ. దూరంలోని చెవికి 88 దాకా ఇస్తుంది. గంటల తరబడి వినదగ్గ మోత కాదది.

అపోహ: ఊఫర్ (బేస్, అంటే బరువైన శబ్దాలు పలికే కోను) ఎంత పెద్దదైతే అంత మేలు.

ఏం వింటారన్నదాన్ని బట్టి ఉంటుంది. స్వరాన్ని హెర్ట్జ్‌లలో, అంటే సెకనుకి ఎన్ని కంపనాలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ స్వరం బరువు. 3 అంగుళాల ఊఫర్ సుమారుగా 80-100 హెర్ట్జ్ దగ్గర చేతులెత్తేస్తుంది, 5 అంగుళాలది 50-55 దాకా దిగుతుంది. 1 శ్రుతిలో పాడే గాయకుడి షడ్జమం (స) 131 హెర్ట్జ్, మంద్ర పంచమానికి (కింది ప) దిగినా 98. గాత్ర కచేరీలకీ, వార్తలకీ, ఆన్‌లైన్ పాఠాలకీ చిన్నదే చాలు. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నడక వినాలంటే మాత్రం కథ వేరు. ఆ వాయిద్యంలో అన్నిటికన్నా కింది తీగ 41 హెర్ట్జ్, 3 అంగుళాల్లో ఆ స్వరం అసలు రూపంతో రాదు.

అపోహ: కింద ఫోమ్ వేస్తే టేబుల్ సమస్య తీరిపోతుంది.

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. టేబుల్ చేసే అల్లరి రెండు రకాలు. ఒకటి అదురు: పాట పెట్టి అరచెయ్యి బల్ల మీద ఆనించండి, జివ్వుమంటే, పెన్నుల స్టాండు చప్పుడు చేస్తుంటే, దానికి ఫోమ్ పనిచేస్తుంది. రెండోది ప్రతిధ్వని. శబ్దం బల్లకి తగిలి, నేరుగా వచ్చే దానికన్నా కాస్త ఆలస్యంగా చెవికి చేరుతుంది. దీన్ని ఫోమ్ ఏమీ చెయ్యలేదు.

లెక్క చూడండి. ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న కోను) బల్లకి 18 సెం.మీ. ఎత్తులో, చెవి 40 సెం.మీ. ఎత్తులో, మధ్య దూరం 70 సెం.మీ. అనుకుందాం. నేరు దారి 73 సెం.మీ., బల్లకి తగిలి వచ్చే దారి 91. తేడా దాదాపు 18. అది 1,000 హెర్ట్జ్ తరంగానికి సగం పొడవు, కాబట్టి అక్కడ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మాటల స్పష్టత ఉండే చోటే గుంట పడుతుంది. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉందని స్పీకర్‌ని తిట్టుకునేది ఇందుకే.

ఆ తగిలే చోటు స్పీకరుకి ముందు 22 సెం.మీ. దగ్గర, అంటే జానెడు. నమ్మకం లేకపోతే చిన్న అద్దం బల్ల మీద వెల్లకిలా పెట్టి, కుర్చీలోంచి చూస్తూ జరపండి. ట్వీటర్ ఎక్కడ కనిపిస్తే అదే ఆ చోటు. స్పీకర్లని అంచు దాకా ముందుకి లాగితే ముందు జానెడు బల్లే ఉండదు, గొడవ చాలామటుకు పోతుంది. కుదరకపోతే లావుపాటి పుస్తకాల మీద ఎక్కించి ట్వీటర్‌ని చెవి ఎత్తుకి తెండి. అదీ కాదంటే ముందు వైపు లేపి 15-20 డిగ్రీలు వెనక్కి వాల్చండి, కనీసం సన్నటి శబ్దాలు సూటిగా చెవికి చేరతాయి.

రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కోదానికీ మీ తలకీ అంతే దూరం ఉండాలి. మానిటర్ వెనక దాచొద్దు. ఒకే గొంతు పాడే మోనో పాట (రెండు స్పీకర్లకీ ఒకే శబ్దం వెళ్లేది) పెట్టి కళ్లు మూసుకోండి. గొంతు సరిగ్గా నడిమధ్య నిలవాలి. ఎక్కడుందో తెలియకుండా చెదిరి, బేస్ కూడా పలచబడితే ఒక స్పీకరుకి ఎరుపు, నలుపు వైర్లు తారుమారయ్యాయి.

అపోహ: గోడకి ఎంత దూరం జరిపితే అంత మంచిది.

గోడ నుంచి స్పీకరు ముందు ముఖానికి 85 సెం.మీ. ఉంటే, వెనక్కి వెళ్లి తిరిగొచ్చే శబ్దం 100 హెర్ట్జ్ దగ్గర కోత పెడుతుంది. మృదంగం తొప్పి (బరువుగా మోగే వైపు) చప్పబడుతుంది. దానికన్నా గోడ దగ్గరే నయం. వెనక గాలి రంధ్రమున్న వాటికి 10 సెం.మీ. ఖాళీ వదిలి, పెరిగిన బేస్‌ని వెనకున్న స్విచ్‌తోనో ఈక్వలైజర్‌తోనో తగ్గించుకోండి. రంధ్రం ముందుంది కదా అని ఆనించేసినా బేస్ పెరగక మానదు, ఆ తరంగాలు ఎటూ పెట్టె చుట్టూ తిరుగుతాయి. మూల మాత్రం వద్దు. మూలనున్న స్పీకరు వైపు బేస్ బరువు, ఇంకోవైపు తేలిక అవుతుంది.

అడ్డంగా పడుకోబెట్టొచ్చా? ఊఫర్, ట్వీటర్ వేర్వేరుగా ఉన్నవాటిని వద్దు. తల కాస్త పక్కకి జరిగితే చాలు, శబ్దం మారిపోతుంది. వంద గంటలు మోగిస్తే గానీ కుదురుకోవన్నదీ ఉత్తమాట, కుదురుకునేది ఎక్కువగా మన చెవే.

అపోహ: గుయ్‌మని మోత వస్తే స్పీకరు పాడైనట్టే.

లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. మోత ఆగితే స్పీకరు తప్పు కాదు, ఎర్త్ రెండు దారుల్లో కలవడమే కారణం. చార్జర్‌నీ స్పీకర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టండి. అయినా తగ్గకపోతే ఆడియో వైరు మధ్య గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ (ఆ రెండో దారిని తెంపే చిన్న పరికరం) తగిలించండి. ఎర్త్ పిన్ను విరిచేయమనే సలహా మాత్రం వినొద్దు, లోపల వైరు ఊడి ఇనుప పెట్టెకి తగిలిన రోజు షాక్ కొట్టేది మీకే.