పిల్లిని ఇంకొకరికి ఇచ్చేముందు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. క్లినిక్ వెనక గదిలో ఆరు బోనులు వేసి దిక్కులేని పిల్లుల్ని చూసుకుంటాను. ఊళ్లో దానికి షెల్టర్ అని పేరు పడిపోయింది. ఎండాకాలంలో బదిలీలు మొదలైతే చాలు, బుట్టలు పట్టుకుని వస్తారు. "పిలకాయలు ముచ్చటపడి తెచ్చారు సార్. మేం బెంగళూరు పోతున్నాం, మీరే పెట్టుకోండి" అంటారు. ఇవ్వడం తప్పని నేననను. అయితే ఇచ్చే పద్ధతి తెలియక ఆ పిల్లుల ప్రాణం మీదికి తెస్తున్నారు.

అపోహ: చేపల మార్కెట్ దగ్గర వదిలితే తిండికి లోటుండదు.

చేపల పులుసుకు పేరుపడ్డ ఊరు, పిల్లికేం తక్కువ అనుకుంటారు. మార్కెట్‌లో ప్రతి మూలా అప్పటికే ఏదో ఒక గండుపిల్లి సొంతం. ఇంట్లో పెరిగిన పిల్లి దిగగానే ఏ బండి కిందో దూరి, ఆకలేసినా బయటికి రాదు. వచ్చిందా, కరిపించుకుంటుంది. ఆ కాట్లు పైకి సూది గుచ్చినట్టే కనిపిస్తాయి, లోపల చీము పడుతుంది. బుగ్గ వాచి జ్వరంతో మూలుగుతున్నప్పుడు ఎవరో జాలిపడి నా దగ్గరికి తెస్తారు. దొరికినా పచ్చి చేపలతోనే బతకడం మంచిది కాదు. కొన్ని రకాల చేపల్లోని ఎంజైమ్ బి1 విటమిన్‌ను చెడగొడుతుంది.

పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి ఆ చట్టంలో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. టిఫిన్ ఖర్చంత కూడా లేదు, ఇక ఎవరు భయపడతారు? పిల్లిని చంపితే బంగారు పిల్లిని దానం చేయాలని మన పెద్దలు బెదిరించారు గానీ, వదిలేసినవాళ్లకు ఏ ప్రాయశ్చిత్తమూ చెప్పలేదు.

అపోహ: షెల్టర్‌లో ఇస్తే ఇక దానికి దిగుల్లేదు.

నా బోనుల గురించి నేనే చెబుతున్నాను, ఇది ఆఖరి దారి. పిల్లికి మనుషులతో పాటు చోటు కూడా ముఖ్యం. ముక్కూ మొహం తెలియని పిల్లుల వాసన మధ్య పెడితే భయంతో ముడుచుకుపోతుంది. చాలా పిల్లుల ఒంట్లో హెర్పిస్ వైరస్ అణిగి ఉంటుంది. ఇలాంటి ఒత్తిడికి అది మళ్లీ లేచి తుమ్ములు, కళ్ల పుసులు మొదలవుతాయి. పార్వో జాతి వైరస్ ఇంకా ప్రమాదం. గదిలో ఏడాది వరకూ బతికే ఉంటుంది, మామూలు ఫినాయిల్‌ను నమ్ముకోలేం, బ్లీచింగ్ కావాలి. మొదట్లో ఒక కూనను విడిగా ఉంచకుండా మిగతావాటితో కలిపేశాను. వారం తిరక్కుండా మూడు పోయాయి. తప్పు నాదే. అప్పటినుంచి టీకా పడని కూనల్ని నేరుగా లోపలికి తీసుకోవడం మానేశాను.

అందుకే కొత్త ఇల్లు దొరికేదాకా పిల్లి మీ ఇంట్లోనే ఉండాలి. ఊరు మారే తేదీ తెలిసిన రోజే వెతకడం మొదలుపెట్టండి, సామాను లారీ ఎక్కించే రోజు కాదు.

అపోహ: పిల్లి కొత్త ఇంట్లో ఇమడదు. పెన్నా దాటించినా తిరిగొచ్చేస్తుంది.

ఇముడుతుంది, టైమ్ ఇస్తే. మొదటి రెండు మూడు వారాలు ఒకే గదిలో ఉంచి, బయటికి అస్సలు వదలకూడదు. మీ ఇంట్లో అది పడుకున్న తువ్వాలును ఉతక్కుండా అలాగే పంపండి. అలవాటైన తిండి, మలమూత్రాలకు వాడే అదే ఇసుక ట్రే ఇవ్వండి. మంచం కింద దాక్కుంటే లాగొద్దు, దానంతటదే వస్తుంది. రోజంతా ఏమీ తినకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే లివర్‌కు కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది. తలుపులు బార్లా తీసి ఉండే ఇంటికిచ్చి, మర్నాడే పారిపోయిందని పిల్లిని తిడితే నేనేం చెప్పను?

అపోహ: కోడలు నెల తప్పింది, పిల్లిని పంపేయాలి.

టెన్షన్ పడకండి. కడుపులో బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి ఈ భయం. అది సోకిన పిల్లి విరేచనంలో ఒకటి నుంచి మూడు వారాలపాటే దాని గుడ్లు బయటికి వస్తాయి, అవి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ట్రేని ఇంట్లో ఇంకెవరైనా రోజూ శుభ్రం చేస్తే సరిపోతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని కూరల వల్ల కూడా ఇది సోకుతుంది. అత్తగార్లు వంటింటి వైపు కూడా ఒక కన్నేయాలి.

అపోహ: లోపాలు చెబితే ఎవరూ తీసుకోరు.

"చాలా నెమ్మది" అని చెప్పి ఇచ్చిన ఒక గండుపిల్లి నాలుగో రోజే తిరిగొచ్చింది. పూజ గది తలుపు మీద మూత్రం చిమ్మిందట. ఆ అలవాటు పాత ఇంటివాళ్లకు తెలుసు, చెప్పలేదంతే. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించాక కొన్ని వారాలకు చాలావరకు తగ్గింది. ముందే చేయించి ఉంటే దానికి ఈ తిప్పలన్నీ తప్పేవి. కరుస్తుందా, పిల్లలంటే బెదురుతుందా, ట్రే వాడుతుందా, అన్నీ చెప్పేయండి.

ఆడపిల్లి ఒక్క ఈతైనా ఈనాలన్నదీ అపోహే. అయిదో నెలలోనే ఆపరేషన్ చేయించవచ్చు. చూలు కట్టిన రెండు నెలలకు కాస్త అటూ ఇటుగా ఈనుతుంది, పాలిస్తూనే మళ్లీ కట్టగలదు. కూనల్ని మాత్రం ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి వేరుచేసి ఎవరికీ ఇవ్వకండి.

అప్పగించేటప్పుడు టీకా కార్డు, రెండు వారాల తిండి ఇచ్చి, నెల తర్వాత ఒక ఫోన్ చేయండి. గోనె సంచిలో తేవద్దు. బోను లేకపోతే రెండు ప్లాస్టిక్ కూరల బుట్టలు ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడుతో కట్టి, పైన పలచటి గుడ్డ కప్పండి. దారిలో గోరు గీసినా, కరిచినా ఆ చోట సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి.