బెజ్జాల బ్లేడు: గ్యాస్ టర్బైన్ల మీద మా ఊరి అపోహలు

పండక్కి నెల్లిమర్ల వెళ్లినప్పుడల్లా ఇదే వరస. గ్యాస్ టర్బైన్ల డిజైన్‌లో పనిచేస్తానంటే "కొండల మీద తిరిగే ఫ్యాన్లేనా?" అంటారు. కాదు. గాలిని పీల్చి, నొక్కి, అందులో గ్యాస్ మండించి, ఆ వేడి వాయువుతో తిరిగే యంత్రం ఇది.

అపోహ: గట్టి లోహంతో చేస్తే బ్లేడుకు ఢోకా ఉండదు.

వాస్తవం: పెద్ద టర్బైన్లలో ముందు వరస బ్లేడ్లకు తగిలే వాయువు 1500 డిగ్రీల దగ్గర ఉంటుంది. బ్లేడు నికెల్ మిశ్రమం అంత వేడి రాకముందే కరగడం మొదలెడుతుంది. మరి ఎలా నిలబడుతోంది? గాలిని నొక్కే భాగమైన కంప్రెసర్ నుంచి కొంత గాలి మళ్లించి బ్లేడు కడుపులోంచి పంపిస్తాం. చల్లగాలి అని పేరే గానీ అదీ దాదాపు 400 డిగ్రీలు. అది సన్నటి బెజ్జాల్లోంచి బయటికొచ్చి బ్లేడు మీద పొరలా పరుచుకుంటుంది. పైన సిరామిక్ పూత అదనం.

వాడి తీసేసిన బ్లేడు ఒకటి నా దగ్గరుంది. జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మావయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేట్రా అల్లుడూ, అన్నీ బెజ్జాలే!" అన్నాడు. అడుగు నుంచి ఊదమన్నాను. ఊదుతూ అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. ఒక బెజ్జంలోంచి మాత్రం గాలి రాలేదు. సరిగ్గా దాని వెనకే పూత పెచ్చులూడి, లోహం నల్లబడి ఉంది. "డ్రిప్పు పైపులో మన్ను ఇరుక్కుంటే ఆ మొక్క ఎండిపోదూ!" అన్నాడు. మా మీటింగుల్లో గంటసేపు చెప్పేది ఇంతే.

అపోహ: ఎంతసేపు తిరిగితే అంతే అరుగుదల.

వాస్తవం: ఇది మావయ్య మిల్లు లెక్క. మాకు గంటల పద్దు ఒకటి, స్టార్టుల పద్దు ఒకటి. స్టార్ట్ చేసిన ప్రతిసారీ బ్లేడు పల్చటి అంచు ముందు వేడెక్కుతుంది, మందపు భాగం వెనకబడుతుంది. ఆ లాగులాటలోనే పగుళ్లు పుడతాయి. ఫుల్ లోడ్‌లో ఉండగా ఒక్కసారిగా ట్రిప్ అయితే, అంటే ఏదో తేడా వచ్చి ఉన్నపళంగా ఆగిపోతే, కొన్ని మోడళ్ల లెక్కలో అది ఎనిమిది మామూలు స్టార్టులతో సమానం. పగలు సోలార్ కరెంటు ఉందని ఆపి, సాయంత్రం మళ్లీ నడిపే ప్లాంట్లకు అసలు టెన్షన్ ఇదే.

అపోహ: కంబైన్డ్ సైకిల్ ప్లాంటులో గ్యాస్‌ది, ఆవిరిది అని రెండు టర్బైన్లు కదా, ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది.

వాస్తవం: సగమే నిజం. గ్యాస్ టర్బైన్ వదిలే 600 డిగ్రీల పొగతోనే ఆవిరి తయారవుతుంది. ఒకే గ్యాస్ టర్బైన్ ఉన్నచోట అది ఆగితే ఆవిరి టర్బైనూ ఆగినట్టే. ఆవిరిది ఆగితే మాత్రం, పొగనో ఆవిరినో పక్కకు మళ్లించే ఏర్పాటు ఉంటే, గ్యాస్‌ది నడుస్తుంది.

అపోహ: ఉప్పుగాలి బయటి ఇనుముకే చేటు.

వాస్తవం: కళింగపట్నంలో కిటికీ ఊచలు చూసినవాళ్లకు తుప్పు గురించి చెప్పక్కర్లేదు. టర్బైన్ లోపల అంతకన్నా ఘోరం. ఉప్పులోని సోడియం, ఇంధనంలోనో గాలిలోనో ఉన్న గంధకం కలిసి సోడియం సల్ఫేట్ అవుతుంది. అది 884 డిగ్రీలకు కరిగి, బ్లేడును కాపాడే పొరను తినేస్తుంది. అందుకే తీరంలో ఫిల్టర్ల దగ్గర నేను బేరమాడను.

అపోహ: గోదావరి జిల్లాల్లో గ్యాస్ ప్లాంట్లు మిషన్లు పాడై ఆగాయి.

వాస్తవం: ప్రధాన కారణం గ్యాస్ కొరత. కృష్ణా-గోదావరి తీరంలో సముద్రం అడుగున ఉన్న కేజీ-డీ6 క్షేత్రంలో గ్యాస్ ఉత్పత్తి 2009లో మొదలై, 2010లో గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. అయితే ఊరికే ఉన్న మిషనుకూ చాకిరీ తప్పదు. చెమ్మ చేరకుండా పొడిగాలి పెట్టాలి. ఆపిన వెంటనే అయితే, వేడి రోటరు (బ్లేడ్లు బిగించి ఉండే ఇరుసు) వంగిపోకుండా గంటల తరబడి మెల్లగా తిప్పుతూనే ఉండాలి.

"ఆపేశాక కూడా తిప్పాలా?" అన్నాడు మావయ్య, బ్లేడు ఇంకా వదల్లేదు.