రెల్లు వంగితే కబురు

పర్లాకిమిడి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కవిటిలో చెట్టు నుంచి అప్పుడే దింపిన బొండాన్ని పెదతాతకు అందించబోతే పెదమామ్మ చెయ్యి అడ్డుపెట్టిందనీ, ఇంటి చుట్టూ కొబ్బరితోట ఉన్న మనిషి కొబ్బరినీళ్లు తాగకూడదనడం ఏం వైద్యమనీ బుజ్జి రాసింది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. మనకు ఎక్కువైన దానిని మూత్రపిండాలు మూత్రంలోకి పంపేస్తాయి. మా అన్నయ్య, అంటే మీ పెదతాత మూత్రపిండాలు దెబ్బతిన్నాయి గనుక అది రక్తంలోనే పేరుకుంటుంది, మరీ పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. పెదమామ్మ మీద అలగకు.

ఇక ఆ పంపేయడం ఎలాగో చెబుతాను.

మా చిన్నప్పుడు గెడ్డ నుంచి చెరువుకు నీరు తెచ్చే కాలువలో ఒక రెల్లు దుబ్బు ఉండేది. ముసురు పట్టిన రాత్రుల్లో మదుం చూసే ముసలాయన నన్నూ అన్నయ్యనూ అక్కడ కూర్చోబెట్టి, వరవడికి రెల్లు తల వంగగానే తపేలా వాయించమనేవాడు. ఆ చప్పుడు వినగానే ఆయన మదుం పలక ఎత్తేవాడు. పలక లేచాక కూడా నేను సరదాకి వాయిస్తూనే ఉంటే, ఒకసారి వచ్చి తపేలా లాక్కుని, ఊరికే మోగేదాన్ని ఎవడు నమ్ముతాడురా అని చీవాట్లు పెట్టాడు. ఇంకో రాత్రి నేను నిద్రపోతే తపేలా వాయించినవాడు అన్నయ్యే.

ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల సన్నని గొట్టాలుంటాయి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, లీటరో రెండు లీటర్లో తప్ప మిగిలినదంతా తిరిగి రక్తానికి ఇచ్చేస్తాయి. గొట్టం చివరి భాగంలో చాలా కణాల నుంచి ఒక్కొక్క వెంట్రుకలాంటి పోగు ప్రవాహంలోకి చాచుకుని ఉంటుంది. ప్రవాహం జోరందుకుంటే అది మన రెల్లులాగే వంగుతుంది, వెంటనే కణం లోపల కాల్షియం పెరుగుతుంది. కాల్షియం అంటే మీ నాయనమ్మ తమలపాకుకు రాసే సున్నంలో ఉండేదే. గోరంత చాలు, ఎక్కువైతే నోరు పొక్కుతుంది. మామూలుగా కణం లోపల అది బయటికంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ కనుక, కొద్దిగా పెరిగినా నిశిరాత్రి తపేలా మోగినట్టే ఉంటుంది. ఆ కాల్షియం, కణం పొరలో పొటాషియం పోవడానికి ఉన్న ద్వారానికి లోపలివైపు అంటుకోగానే ద్వారం తెరుచుకుని, పొటాషియం గొట్టంలోకి జారిపోతుంది. ఆ తరువాత కణం కాల్షియాన్ని బయటికి తోడేస్తుంది, తపేలా లాక్కోవడమన్నమాట. ఈ కబురు కోసం ఎదురుచూడకుండా రోజువారీ పని చూసుకునే ద్వారం మరొకటి ఉంది, దాని కథ వేరు.

నా పోలిక ఒకచోట చెడుతుంది. పలక ఎత్తితే నీటితోపాటు చేపా నాచూ అన్నీ పోయేవి. ఈ ద్వారం మాత్రం పొటాషియాన్నే పోనిస్తుంది, దానికంటే చిన్నదైన సోడియాన్ని ఆపేస్తుంది! పెద్ద చేప దూరే కంతలో చిన్న చేప ఆగిపోవడం ఎక్కడైనా చూశారా? బ్యాక్టీరియాలో ఉండే ఇలాంటి ద్వారం రూపాన్ని రోడరిక్ మెకినన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1998లో చూపించి, 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. ఆయన చెప్పిన కారణం చదివాను, అర్థమైంది కూడా, అయినా నా ఆశ్చర్యం తీరలేదు.

ఈసారి ముసురు పట్టినప్పుడు గొడుగు వేసుకుని, మీ నాన్నను వెంటబెట్టుకుని కాలువ గట్టుకు వెళ్లండి. రెల్లు ముందు వంగుతుందో, నీటి చప్పుడు ముందు మారుతుందో చూసి నాకు రాయండి. పెదతాతకు కూడా చెప్పండి, ఆయనకు తెలుసు.