కోడిని చంకన పెట్టుకుని సంతకెళ్లాడట!

డిగ్రీ పిల్లలకు యూరప్ చరిత్ర చెప్తాను. ఏటా పేపర్లు దిద్దడానికి కూర్చుంటే ప్రతి కట్టలోనూ అదే వాక్యం: "మధ్యయుగ రైతులకు డబ్బు తెలియదు, వస్తుమార్పిడితో తిండి తెచ్చుకునేవారు." మార్కులు పోయేది ఇక్కడే, అందుకే దీన్ని ముందు తేల్చేద్దాం.

అపోహ: కోడి ఉన్నవాడు గోధుమలున్నవాడి కోసం సంతంతా వెతికేవాడు.

వాస్తవం: 13వ శతాబ్దపు ఇంగ్లండ్ మేనర్ (ప్రభువు ఎస్టేటు) పద్దులు తిరగేస్తే లెక్కంతా పౌండ్లు, షిల్లింగులు, పెన్నీల్లోనే ఉంటుంది. పౌండుకు 240 వెండి పెన్నీలు. పెన్నీ పెద్ద మొత్తం కాబట్టి చిల్లర కోసం దాన్నే సగానికీ, పావుకీ కోసేవాళ్లు, 1279లో మొదటి ఎడ్వర్డ్ కాలంలో గానీ గుండ్రటి పావు పెన్నీలు బాగా రాలేదు. డబ్బు తెలియనివాడికి చిల్లరెందుకండీ? రొట్టెల అమ్మకంపై అప్పట్లో ఉన్న చట్టం ఇంకా తమాషా. గోధుమలు ప్రియమైతే పెన్నీ రొట్టె ధర పెరగదు, బరువు తగ్గుతుంది, అచ్చం ఇప్పటి బిస్కెట్ ప్యాకెట్‌లాగే.

అయితే చేతిలో నాణేలు ఎప్పుడూ ఆడేవి కావు. కాబట్టి అప్పు. పొరుగింట్లో బార్లీ తెచ్చుకుంటే దానికి పెన్నీల్లో విలువ కట్టుకుని, పంటొచ్చాక గింజలతోనో, కోతకు వెళ్లి కూలితోనో తీర్చేవాళ్లు. తీర్చకపోతే మేనర్ కోర్టుకు లాగేవాళ్లు, ఆ రికార్డుల్లో ఇలాంటి చిన్నచిన్న బాకీల తగాదాలు బోలెడు.

మా నాయనమ్మ చాటతో వడ్లు పోసి ఉల్లిపాయలు తీసుకునేది. చిన్నప్పుడు నేనూ అది మార్పిడే అనుకున్నాను. కానీ ఉల్లిపాయలాయన ముందు వడ్ల రేటు అడిగేవాడు, రూపాయల్లో లెక్క కట్టేవాడు, ఏమన్నా తక్కువైతే "మళ్లీ వచ్చినప్పుడు చూద్దాంలే అమ్మా" అనేవాడు. చేతులు మారింది వడ్లే, లెక్క మాత్రం డబ్బుది. అలాగని నేరుగా మార్పిడి అసలే లేదని రాసి ఇంకో తప్పు చేయకండి, అదీ ఉండేది.

అపోహ: ప్రభువుకిచ్చిన కోళ్లు, గుడ్లు మార్పిడే. కాదు, శిస్తు. పిండి మర దగ్గర పట్టుకునే గింజలు మర కూలి, చర్చికి పోయే పదో వంతేమో పన్ను. వీటిలో బేరమెక్కడుంది?

ఇప్పటికే పరీక్షలో అలా రాసొచ్చినవాళ్లు టెన్షన్ పడకండి, బడి పుస్తకాలు చెప్పిందే మీరు రాశారు.

అపోహ: తిండంతా బయటి నుంచే. కాదు, ఎక్కువ భాగం సొంత పొలం చెక్కలో పండిందే. అది సరిపోని పేదలు కోతయ్యాక పరిగె (పొలంలో మిగిలిపోయిన వెన్నులు, గింజలు) ఏరుకునేవాళ్లు. దానికీ కట్టుబాట్లున్నాయి: కూలికి వెళ్లి కోత కోయగల ఒళ్లున్నవాళ్లు పరిగె ఏరకూడదు.